ఎర్ర అంకెల బిడారు

కారవాన్ అంటే మనవాళ్లకు గుర్తొచ్చేది షూటింగు దగ్గర హీరోగారు సేదతీరే ఏసీ బండి. ర్యాలీ అంటే జెండాలు, నినాదాలు, ఆగిపోయిన ట్రాఫిక్కు. ఈ రెండు మాటలనూ అమెరికాలో ఒక సంఘం డెబ్బై ఏళ్లుగా తన అర్థంలో వాడుకుంటోంది. వాళ్ల లెక్కన కారవాన్ అంటే బండ్లన్నీ కలిసి వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి సాగించే ప్రయాణం. మన పాత మాటలో బిడారు. ర్యాలీ అంటే బండ్లన్నీ ఒక మైదానంలో చేరి శుక్రవారం నుంచి ఆదివారం దాకా కదలకుండా కూర్చోవడం. మన ర్యాలీకి నేరుగా తిరగేసిన మాట.

1955 ఆగస్టు 3న కెనడాలో, నోవా స్కోషియా రాష్ట్రంలోని కెంట్‌విల్ అనే ఊళ్లో ఆ సంఘం పుట్టింది. అప్పుడు పెట్టుకున్న పేరు వాలీ బయమ్ కారవాన్ క్లబ్. ఇప్పుడు ఎయిర్‌స్ట్రీమ్ క్లబ్ ఇంటర్నేషనల్ అంటున్నారు. కారు వెనక తగిలించి లాక్కెళ్లే వెండిరంగు అల్యూమినియం ఇల్లే ఎయిర్‌స్ట్రీమ్. అది ఉన్నవాళ్లు కట్టుకున్న సంఘం ఇది. పుట్టింది కెనడాలోనైనా, కార్యాలయం మాత్రం ఒహాయోలో, ఆ బండ్లు తయారయ్యే జాక్సన్ సెంటర్ అనే చిన్న ఊళ్లో ఉంది.

నేను వాళ్ల ర్యాలీ చూసింది కూడా ఒహాయోలోనే, ఒక కౌంటీ సంత మైదానంలో. మా అమ్మాయి ఇంటి పక్కన ఉండే దంపతులు మమ్మల్నిద్దర్నీ పిలిచారు. ఆయన హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనాడు, ఆవిడ నర్సుగా చేసి మానేసింది. "వస్తారా, ఊరికే కూర్చోడమే" అన్నాడాయన. ఊరికే కూర్చోవడానికి అంత దూరం పోవాలా అని నాకు అనుమానమే గానీ, మా ఆవిడ అప్పటికే జంతికల డబ్బా తీసింది.

మేం చేరేసరికి వాళ్ల బండి ఇంకా తన చోట్లోకి వెళ్లలేదు. పాతికడుగుల బండిని వెనక్కి పెట్టడం ఒక విద్య. స్టీరింగు కుడికి తిప్పితే బండి వెనక భాగం ఎడమకు పోతుంది. ఎడమకు తిప్పితే కుడికి. అందుకని ఒకరు కారులో, ఇంకొకరు వెనక గడ్డిలో నిలబడి చేతులూపుతూ ఉంటారు. మాటలు వినిపించవు కాబట్టి సైగలే. "అద్దంలో ఆవిడ కనిపించకపోతే ఆ క్షణమే బ్రేకు వెయ్యాలి. ఇరవై రెండేళ్లుగా నేను పాటిస్తున్న ఏకైక నియమం" అన్నాడాయన తర్వాత. నేను చూసినప్పుడు మూడుసార్లు ముందుకూ వెనక్కీ వెళ్లాడు. ఒకసారి ఆవిడ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని ఆకాశం వైపు చూసింది. ఆ సైగ ఏ పుస్తకంలోనూ ఉండనక్కర్లేదు, ముప్ఫై ఏళ్లు కాపురం చేసినవాళ్లెవరికైనా తెలుస్తుంది. చుట్టూ మడత కుర్చీల్లో కూర్చున్నవాళ్లంతా మరోవైపు చూస్తున్నట్టు మర్యాదగా నటించారు. బండి నిలిచాక మాత్రం ఇద్దరు ముసలాయనలు లేచొచ్చి చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టారు.

ఈ బండి పుట్టుక వెనక కూడా ఒక భార్య ఉంది. వాలీ బయమ్ 1896 జూలై 4న ఆరెగాన్ రాష్ట్రంలోని బేకర్ అనే ఊళ్లో పుట్టాడు. స్టాన్‌ఫర్డ్‌లో చదివి, లాస్ ఏంజిలిస్‌లో ప్రకటనల పనీ పత్రికల పనీ చేశాడు. అతనికి గుడారం వేసుకుని అడవుల్లో తిరగడం ఇష్టం. భార్య మారియన్‌కు నేల మీద పడక ఇష్టం లేదు, వంటిల్లు లేకుండా కదలడం అసలే ఇష్టం లేదు. దాంతో అతను కారు చట్రం మీద చిన్న గది కట్టాడు. దారిలో చూసినవాళ్లు మాకూ ఒకటి కట్టిపెట్టమన్నారు. అలా 1931లో వ్యాపారం మొదలైంది. బండి రోడ్డు మీద గాలి పారినట్టు పోవాలని ఎయిర్‌స్ట్రీమ్ అని పేరు పెట్టాడు. 1936లో వచ్చిన క్లిప్పర్ అనే బండి విమానంలాగా అల్యూమినియం రేకులను రివెట్లతో బిగించి చేసినది. వెల 1,200 డాలర్లు, నలుగురు పడుకోవచ్చు. అమెరికా అంతా ఆర్థికమాంద్యంలో ఉన్న కాలానికి అది చిన్న సొమ్మేమీ కాదు. బయమ్ రూపశిల్పి అని చాలామంది అంటారు గానీ, ఆ రివెట్ల అల్యూమినియం ఆకారం అంతకుముందే హాలీ బౌలస్ అనే గ్లైడర్ల నిపుణుడు చేసి చూపించాడు. బయమ్ అసలు బలం వేరే. బండి అమ్మి ఊరుకోక, దాన్ని ఎక్కడికి తీసుకెళ్లాలో కూడా చూపించాలని అతనికి తెలుసు.

1951లో మెక్సికో మీదుగా మధ్య అమెరికాకు బిడారు కట్టాడు. టెక్సస్ సరిహద్దు నుంచి 63 బండ్లు బయల్దేరాయి. గోతులు, కొండదారులు, విరిగిన ఇరుసులు. నికరాగువా దాకా చేరినవి 14. మామూలు మనిషైతే అక్కడితో చాలించేవాడు. ఇతను తర్వాతి ఏడు నుంచి ఇంకా ఎక్కువ బిడార్లు కట్టాడు. అలా 1955 వేసవిలో కెనడా తూర్పు తీరానికి వెళ్లిన బిడారే కెంట్‌విల్‌లో ఆగినప్పుడు, ఈ ప్రయాణాలు అయిపోయాక విడిపోవడం ఎందుకని సంఘం పెట్టుకుంది. తన పేరు పెట్టడానికి బయమ్ ఒప్పుకున్నాడు, కానీ సంఘాన్ని నడిపే ఓపిక అతనికి లేదు. ఆ పని హెలెన్ బయమ్ ష్వాంబోర్న్ నెత్తికెత్తుకుంది. ఆమె బయమ్‌కు ఏమవుతుందంటే ఇంగ్లీషువాళ్లు కజిన్ అని ఒక్క మాటతో సరిపెట్టేస్తారు. మేనమామ బిడ్డా, పెదనాన్న బిడ్డా అని మనకు వెంటనే సందేహం వస్తుంది. పుట్టింటి పేరు బయమే కాబట్టి తండ్రివైపు చుట్టరికమని తెలుసుకుని తృప్తిపడ్డాను. జాబితాలు రాయడం, ఉత్తరాలకు జవాబివ్వడం, ఊరూరా శాఖలు పెట్టించడం లాంటివి కనిపించని పనులు. ఏ సంఘమైనా వ్యవస్థాపకుడి ఫొటో గోడకు తగిలిస్తుంది. కానీ దాన్ని పదేళ్లు దాటించేది హెలెన్ లాంటి మనిషే.

1959లో 41 బండ్లు దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఓడ దిగి కైరోకు బయల్దేరాయి. వెళ్లినవాళ్లలో చాలామంది రిటైరైన దంపతులే. ఇథియోపియాలో దారి అనేది కొన్నిచోట్ల లేనేలేదు. రాళ్లు పేర్చుకుంటూ, బురదలోంచి ఒకరి బండి మరొకరు లాగుతూ వెళ్లారు. అక్కడ చక్రవర్తి హైలీ సెలాసీ వాళ్లను ఆదరించాడు. పిరమిడ్ల ముందు వెండి బండ్లు వరస తీరిన ఫొటో ఇప్పటికీ ఆ సంఘంవాళ్ల ఇళ్లలో కనిపిస్తుంది. బయమ్ 1962 జూలైలో చనిపోయాడు. అయినా మరుసటి ఏడు సింగపూర్ నుంచి లిస్బన్ దాకా ప్రపంచయాత్ర బిడారు అతను లేకుండానే సాగింది. అంకోర్‌వాట్ ముందు, మాస్కో రెడ్ స్క్వేర్‌లో వాటి ఫొటోలున్నాయి. మధ్యలో మన దేశం మీదుగా కూడా వెళ్లాయి. 1960ల నాటి మన రోడ్ల మీద, ఎడ్లబళ్ల మధ్య ఆ వెండిగుడ్లు పోతుంటే జనం ఏమనుకుని ఉంటారో.

మనకు ఇది మరీ వింత కాకూడదు నిజానికి. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరినప్పుడు గుడారాలు, పల్లకీలు, వంటసామగ్రితో వందమంది దాకా పరివారం వెంట ఉంది. పదిహేను నెలలు తిరిగి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. తేడా ఎక్కడంటే, ఆయన బిడారులో మోసేవాళ్లు వేరు, వెళ్లేవాళ్లు వేరు. ఈ సంఘంలో వెళ్లేవాళ్లే మోసుకోవాలి.

బయమ్ తన బండి కొన్నవాళ్లకు నాలుగు స్వేచ్ఛలు వాగ్దానం చేశాడు. టిక్కెట్లు, హోటళ్లు, కూలీల ఏర్పాట్ల నుంచి విముక్తి ఒకటి. ముసలితనం తెచ్చే బాధల నుంచి విముక్తి రెండోది. లోకాన్ని స్వయంగా తెలుసుకోవడం, సరదాగా బతకడం మిగతా రెండూ. ఇందులో మొదటిదానితో నాకు పేచీ ఉంది. ఏర్పాట్లు వద్దని బండి కొన్నవాళ్లు మొట్టమొదట చేసిన పనేమిటి? అధ్యక్షుడు, కార్యదర్శి, నిబంధనావళి ఉన్న సంఘం పెట్టుకున్నారు. ఒకే రకం నీలం బెరే టోపీ పెట్టుకున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో నంబరు ఇచ్చుకుని, ఎర్ర అంకెలు చేసి బండికి ముందూ వెనకా అతికించుకున్నారు. నెలల ముందే ర్యాలీలకు పేర్లు రాయించుకుంటారు. ఏర్పాట్లు కాకపోతే ఇవేమిటి?

ఆ శనివారం మైదానంలో తిరిగాక నాకు తట్టిన సంగతి ఇదీ: రిటైరైన మనిషికి కరువయ్యేది తీరిక కాదు, పేరుపెట్టి పిలిచి పని చెప్పేవాళ్లు. అక్కడ పని లేని ముసలాయన ఒక్కడూ కనపడలేదు. ఒకాయన పొద్దున్నే బండ్లు ఎక్కడ నిలపాలో చూపించే జట్టులో, పసుపుపచ్చ చొక్కాతో. ఒకావిడ కాఫీ డ్యూటీ. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేశానన్న ఒకాయన, సాయంత్రం కుర్చీలు ఎన్ని కావాలో చీటీ పట్టుకుని లెక్కపెడుతున్నాడు. నీళ్ల గొట్టం కారుతోందని ఎవరో అనగానే నలుగురు నాలుగు పెట్టెల పనిముట్లు తెచ్చారు, ఆ నలుగురికీ అభిప్రాయభేదాలు వచ్చాయి, గొట్టం మాత్రం అరగంట కారుతూనే ఉంది. మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేయడం దగ్గర కూడా హోదా లేదు. ఎవరి ట్యాంకు వాళ్లే, చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని, వరసలో నిలబడి. మా సైన్సు మాస్టారు ఆ వరసలో ఒక రిటైర్డు సర్జన్‌తో బేస్‌బాల్ గురించి వాదిస్తున్నాడు.

సాయంత్రం నాలుగున్నరకు గంట కొట్టినట్టు అందరూ ఎవరి కుర్చీ, ఎవరి గ్లాసు వాళ్లు పట్టుకుని గుండ్రంగా చేరతారు. దాన్ని హ్యాపీ అవర్ అంటారు. ఎవరెవరి మోకాళ్లు మార్పించారు, ఎవరి మనవడు ఎక్కడ చేరాడు, ఏ టైరు ఎన్నేళ్లు ఆడింది. మన అరుగుల మీద మాటలే ఇవీ. మా ఆవిడ జంతికలు పది నిమిషాల్లో అయిపోయాయి. తర్వాత పాట్‌లక్ భోజనం. అమెరికాలో మన తెలుగువాళ్ల పండగ భోజనాలు చూసినవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు: తలా ఒక వంటకం, పొడుగాటి బల్ల, ఎవరి గిన్నె ముందు ఖాళీ అయిందోనని ఓరచూపులు.

ఆ గుండ్రంలో ఒక కుర్చీలో ఎనభై దాటిన ఆవిడ ఒంటరిగా ఉంది. భర్త పోయి రెండేళ్లయిందట. బండి లాక్కొచ్చే ధైర్యం ఇంకా లేదు, అందుకని కారులో వచ్చి ఊళ్లో హోటల్లో దిగి పగలు ఇక్కడ గడుపుతోంది. ఆవిడ బండి నంబరు ఇప్పటికీ అందరూ చెప్పగలరు. పేరు మర్చిపోయినవాళ్లు కూడా నంబరుతో పలకరించారు. వచ్చే ఏడాది నుంచి బండి తానే నడుపుతానని, వెనక్కి పెట్టడం నేర్పమని మా పొరుగావిడను అడిగింది. సైన్సు మాస్టారు నేను నేర్పుతానన్నాడు. "మీరొద్దు, ఆవిడే" అంది.

సంఘానికి చిక్కులు లేవని కాదు. నీలం టోపీ చూసి నవ్వుకునే కుర్రకారు వచ్చింది. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగాలొచ్చాక ముప్ఫై ఐదేళ్లవాళ్లు కూడా ఎయిర్‌స్ట్రీమ్ కొంటున్నారు. వాళ్లకు కావలసింది మైదానంలో ఇంటర్నెట్టు, కావలసినప్పుడు ఏకాంతం. జెండావందనానికి ఎనిమిదింటికి లేవమంటే లేవరు. ఆ మైదానంలో అలాంటి జంట ఒకటి కనిపించింది, కుక్కతో సహా. మొదటిరోజు బండిలోంచి బయటికి రాలేదు. రెండోరోజు మధ్యాహ్నం వాళ్ల బండి కరెంటు పోయింది. నాలుగు పెట్టెల పనిముట్లు మళ్లీ బయల్దేరాయి. ఈసారి పావుగంటలో బాగైంది. సాయంత్రానికి ఆ కుర్రాడు కుర్చీ మోసుకుంటూ గుండ్రంలోకి వచ్చాడు.

ఆదివారం పొద్దున కట్టు విప్పడం. నీళ్ల గొట్టం చుట్టడం, కరెంటు తీగ తియ్యడం, బండిని కారు కొక్కేనికి తగిలించడం, ఒక్కొక్కటి చదువుతూ చీటీలో టిక్కు పెట్టడం. ఇన్నేళ్ల తర్వాత కూడా చీటీ ఎందుకని అడిగితే, ఒకసారి టీవీ కడ్డీ దించకుండానే వంతెన కిందికి పోయిన కథ చెప్పింది ఆవిడ. ఆయన అడ్డుపడలేదు. చివరగా ఆవిడ బండి వెనక నిలబడింది, ఆయన కారులో కూర్చుని ఒక్కొక్క దీపం వెలిగించాడు. "ఎడమ!" అంది. "కుడి!" అంది. "బ్రేకు!" అంది. ఏదీ వెలగనట్టు ఒక క్షణం మాట్లాడకుండా ఊరుకుంది. ఆయన కంగారుగా తల బయటికి పెట్టాడు. ఆవిడ నవ్వి చెయ్యి ఊపింది.

వాళ్ల బండి కదిలిపోయాక గడ్డిలో పాలిపోయిన దీర్ఘచతురస్రం మిగిలింది. మా ఆవిడ ఆ చోటే చూస్తూ, "మన కారే సందులోంచి వెనక్కి తియ్యడం రాదు మీకు" అంది. రాదు. కానీ వెనక నిలబడి చూపించేవాళ్లు ఎప్పుడైనా ఉన్నారా అన్నాను.