కార్డు ముక్కలో నాన్న

పదహారో ఏడు వచ్చిన కొడుకును స్నేహితుడిలా చూసుకోమంటుంది చాణక్య నీతి. తెలుగిళ్లలో చాలావరకు జరిగింది దీనికి తలకిందులు. మీసం మొలిచిన కొడుకు తండ్రి ఎదుట కుర్చీలో కూర్చోవడమే మానేసేవాడు. ఫీజు కట్టాలన్నా, పెళ్లి వద్దన్నా అమ్మే రాయబారి.

ఆ ఎడం ఎంతో తెలియాలంటే పాత ఉత్తరాలు చదవాలి.

మన దేశంలో పోస్టుకార్డు 1879 జులై 1న వచ్చింది. వెల కాలణా. మరుసటి ఏడాది మనియార్డరు. కొడుకు చదువుకో కొలువుకో మద్రాసు వెళ్లాడంటే, ఇక తండ్రీకొడుకుల మాటలన్నీ ఈ రెండు కాగితాల మీదే. "మహారాజశ్రీ నాన్నగారి పాదపద్మములకు నమస్కరించి వ్రాయునది" అని కొడుకు. "చిరంజీవికి ఆశీర్వచనములు" అని తండ్రి. ఉభయకుశలోపరి అయ్యాక వాన, ధాన్యం ధర, ఆవు ఈనిన సంగతి.

ఈ బిగుసుకున్న మర్యాదకు సగం కారణం కార్డే. దానికి కవరు లేదు, మడత లేదు. పోస్టుమాన్ చూస్తాడు. చదువురాని ఇంట్లోనైతే అరుగు మీద ఎవరో గట్టిగా చదివి వినిపిస్తారు. నలుగురి చెవిన పడే కాగితం మీద, నువ్వు లేక ఇల్లు బోసిపోయిందని ఏ తండ్రి రాస్తాడు? 1950లో మడిచి అంటించే ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. చేతికి అలవాటైన వాక్యాలు మాత్రం మారలేదు.

తెలంగాణ నుంచి బొంబాయి, భివండి, షోలాపూర్ మగ్గాలకు కొడుకులు వెళ్లిన చేనేత ఇళ్లలో మనియార్డరు ఎదురు నడిచింది. డబ్బు కొడుకు పంపేవాడు, బాపు వేలిముద్ర వేసి తీసుకునేవాడు. తిరిగి కొడుకు చేతికి చేరే రసీదు మీద ఆ నల్లటి ముద్రే తండ్రి జవాబు.

ప్రేమ లేదనుకుంటే పొరపాటే. చావు కబురు తెచ్చిన కార్డును చదివిన వెంటనే చింపేసేవారు గానీ, మిగతా ఉత్తరాలను ఇనుప తీగకు గుచ్చి ఏళ్లకేళ్లు దాచారు. అలాంటి తీగ ఒకటి దించి చూడండి. కార్డు నిండిపోయాక అంచున, అడ్డం తిప్పి, చీమ తలకాయంత అక్షరాలతో ఇరికించిన ముక్క ఒకటి దొరుకుతుంది: రాత్రిళ్లు మేలుకోకు, వేళకు తిను. అసలు ఉత్తరం అదే. అంచు దాటి పైవరుసకు రాలేదంతే.

ఫోను వచ్చాకా అదే వరస. "బాగున్నావా? ఉండు, అమ్మకిస్తున్నా." ఇప్పుడు వీడియో కాల్‌లో మొహం కనబడుతోంది, నాన్న ఫోనును అమ్మ వైపు తిప్పేస్తున్నాడు.

ఈసారి ఆయన తిప్పేలోగా ఒక్క మాట అడగండి. ఊరు దాటి వెళ్లిన రోజుల్లో తాతయ్య ఆయనకు ఏమని ఉత్తరాలు రాసేవారో.