ఆముదం చేలో వాసన చదువు

అర్ధవీడు దాటి నల్లమల వైపు వస్తే దారి పక్కనే ఆముదం చేను. వాన తెరిపిచ్చింది. చేలోకి దిగగానే ఎర్ర కాడల మీది బూడిద పూత మీ చేతికి అంటుతోంది. ఆకులన్నీ తూట్లు, కొన్నిటికి ఈనెలే మిగిలాయి. దాసరి పురుగు పని ఇది.

ఆ ఆకు వెనక్కి తిప్పండి. నడుము పైకెత్తి గబగబా పాకాల్సిన పురుగు కదలడం లేదు, మేత మానేసింది. తోక దగ్గర పొట్టకు అంటుకుని చిన్న పట్టు గూడు. పురుగు పసిదిగా ఉన్నప్పుడే మైక్రోప్లైటిస్ కందిరీగ దాని ఒంట్లో గుడ్డు పెట్టింది. ఆ పిల్ల లోపలే తిని పెరిగి, బయటికొచ్చి గూడు అల్లుకుంది.

ఇంకో ఆకు మీద తల్లి కందిరీగ వాలింది, చూశారా? అక్కడ పురుగు లేదు, దాని పెంట నలుసులున్నాయి. ఈగ మీసాలతో వాటిని తడుముతూనే ఉంది. తొందరపడి ఆకు కదపకండి, చూడాల్సింది ఇదే.

ఈ తడమడంలో ఏం జరుగుతుందో దీని దాయాది దగ్గర తేలింది. అమెరికా పత్తి చేలలో కాయతొలుచు పురుగును వేటాడే మైక్రోప్లైటిస్ క్రోసీపెస్ మీద జో లూయిస్, జేమ్స్ టమ్లిన్సన్ చేసిన పరిశోధన 1988లో 'నేచర్' పత్రికలో వచ్చింది. పెంటను తాకి గుర్తుపట్టడం ఆ ఈగకు పుట్టుకతో వచ్చిందే. ఆ క్షణాన గాలిలో ఏ వాసన ఉంటే దాన్ని పురుగు జాడగా నేర్చేసుకుంటుంది. పెంట తడిమేటప్పుడు వెనీలా వాసన తగిలితే, తర్వాత వెనీలా వచ్చే దిక్కుకే ఎగిరింది! ఆకలికి ఒక వాసన, వేటకు ఇంకో వాసన విడివిడిగా గుర్తుంచుకోగలదని లూయిస్, తకాసు 1990లో చూపారు. మొక్క కూడా ఊరుకోదు. పురుగు కొరికి ఉమ్మి తగిలిన మొక్కజొన్న ఆకు విడిచే వాసన కందిరీగలను పిలుస్తుందని అదే ఏడు టర్లింగ్స్ బృందం రాసింది.

గట్టు మీద కుర్రాడు తైవాన్ పంపు దించాడు.

"అన్నా, మందు కొట్టేదా?"

"ఆగు తమ్ముడూ. మొక్కకు ఒకటో రెండో ఇట్లా ఈగ పట్టిన పురుగులుంటే కొట్టొద్దని శాస్త్రవేత్తలే చెప్తున్నారు. ఇప్పుడు కొడితే ఈగలూ పోతాయి."

"గూళ్ళు లేకపోతేనో?"

"అప్పుడు ఆలోచిద్దాం. నువ్వా సాలు పట్టు, నేనీ సాలు చూస్తా. ఆకు ఆకూ తిప్పి చూడాల."