సీసా మూత చెప్పిన కథ

కిందటేడు అమెరికాలో మా చెల్లెలింట్లో రెండు నెలలున్నాను. ఒహాయో రాష్ట్రంలో ఉంటారు వాళ్ళు. పెరట్లో గోంగూర వేసింది మా చెల్లెలు. అక్కడ మే నెల సగానికి గాని చలి వదలదు. అక్టోబరు దాటకుండానే మంచు పడి మొక్క నల్లబడిపోతుంది. అంచేత మధ్యలో వచ్చిన ఆకంతా కోసి, కడిగి, మరిగే నీళ్ళలో ఒక్క నిమిషం ముంచి తీసి, చన్నీళ్ళలో వేసి, గట్టిగా పిండి, సంచుల్లో కట్టి డీప్ ఫ్రీజరులో పెట్టేస్తుంది. ఒక్కో సంచి మీద తారీఖు. సంక్రాంతినాడు గోంగూర పచ్చడి తినాలంటే ఆగస్టులోనే నడుం కట్టాలన్నమాట!

ఒకరోజు పక్కింటావిడ వచ్చింది. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. అంతకుముందు మావాళ్ళిచ్చిన టమాటాలకి బదులుగా ఒక గాజు సీసా తెచ్చింది. లోపల నీళ్ళలో నిలబెట్టినట్టు పచ్చటి బీన్స్. మూత మీద నెలా, సంవత్సరం. "మా తోటవే, నేనే పెట్టాను" అని మురిపెంగా చెప్పి వెళ్ళిపోయింది.

ఆవిడ గుమ్మం దాటిందో లేదో, మా చెల్లెలు ఆ సీసా పట్టుకుని చెత్తబుట్ట దగ్గరికి నడిచింది.

"ఏమిటే ఆ పని?"

"అక్కా, ఇలా ఇంట్లో సీసాల్లో పెట్టిన కూరలు తిని ఈ రాష్ట్రంలోనే జనం ఆస్పత్రి పాలయ్యారు. ఆవిడ ఎలా పెట్టిందో ఏమో."

"అడగలేకపోయావా?"

"బావుంటుందా? 'నీ చేతి వంట తింటే బతుకుతామా' అని అడిగినట్టుండదూ?"

నిజమే. మా అమ్మమ్మని పట్టుకుని 'ఈ ఆవకాయ నిలవుంటుందా' అని ఎవరైనా అడిగుంటే ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కనిచ్చేదా? ఎలాగో సీసా లాక్కుని అలమరలో పెట్టాను గాని మనసు కుదుట పడలేదు. ఒక ముసలావిడ వేసవంతా పడిన శ్రమ చెత్తబుట్టలో పడెయ్యాలా? పోనీ తింటే ప్రాణం మీదికొస్తుందా? మర్నాడు మా చెల్లెలు ఆఫీసుకి వెళ్తూ నన్ను ఊరి లైబ్రరీలో దింపింది. బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. నాకు తెలిసిన దారి అదొక్కటే.

కథ ఒక మిఠాయివాడితో మొదలవుతుంది. నికొలా అప్పేర్ 1749లో ఫ్రాన్సులో సత్రం నడిపేవాళ్ళింట్లో పుట్టాడు. పారిస్‌లో మిఠాయి వ్యాపారం పెట్టాడు. 1795 ప్రాంతంలో తిండి నిలవబెట్టే ప్రయోగాలు మొదలుపెట్టాడు. బఠాణీలూ, మాంసం, పాలూ మందపాటి గాజు సీసాల్లో నింపడం, బిరడా బిగించి తీగతో కట్టడం, సీసాపళంగా మరిగే నీళ్ళలో ఉడికించడం. నెలల తర్వాత తీసినా చెడలేదు. ఎందుకు చెడలేదో మాత్రం ఆయనకు సరిగ్గా తెలీదు. కంటికి కనపడని క్రిములే కుళ్ళుకి కారణమని లూయీ పాశ్చర్ నిరూపించేసరికి మరో యాభై ఏళ్ళు గడిచాయి. కారణం తెలియకుండానే పద్ధతి తెలియడం మన వంటింటికి కొత్తేం కాదుగా!

అది నెపోలియన్ యుద్ధాల కాలం. సైన్యానికీ, ఓడలకీ చెడని తిండి కావాలి. 1810లో ఫ్రెంచి ప్రభుత్వం అప్పేర్‌కు 12,000 ఫ్రాంకులిచ్చింది. ఊరికే కాదు, ఒక షరతు మీద. ఆ పద్ధతి దాచుకోకుండా పుస్తకం రాసి అచ్చువెయ్యాలి. ఆ ఏడే రాశాడాయన. తర్వాతి ముద్రణలకు 'అన్ని ఇళ్ళ పుస్తకం' అని పేరు కూడా పెట్టాడు. పాపం, ఆయన మాత్రం ఏం సుఖపడ్డాడు? 1814లో దండెత్తి వచ్చిన సైన్యాలు ఆయన ఫ్యాక్టరీని నాశనం చేశాయి. 1841లో బీదతనంలో పోతే అందరితో పాటు ఉమ్మడి గోతిలో పూడ్చారు.

1810లోనే ఇంగ్లండులో పీటర్ డ్యూరాండ్ అనే ఆయన గాజుతో పాటు రేకు డబ్బాలకూ పేటెంటు తీసుకున్నాడు. 1813కల్లా లండన్‌లో డబ్బాల ఫ్యాక్టరీ లేచింది. నవ్వొచ్చే సంగతేమిటంటే డబ్బా పుట్టింది గాని డబ్బా తెరిచే పనిముట్టు పుట్టలేదు. ఉలీ సుత్తీ పట్టుకుని తెరవాల్సిందే! ఆ పనిముట్టు రావడానికి 1855 దాకా పట్టింది. ఈ పని మన చేతిలో ఉంటే ముందు తెరిచే సంగతే చూసుకునేవాళ్ళం, ఏమంటారు?

ఇళ్ళల్లోకి ఈ విద్య రావడానికి దారి వేసింది జాన్ మేసన్ అనే అమెరికా కుర్రవాడు. 1858లో, ఇరవయ్యారేళ్ళ వయసులో, మర మూత బిగించే గాజు సీసాకు పేటెంటు తీసుకున్నాడు. పక్కింటావిడ తెచ్చిన సీసా ఆ జాతిదే. ఇప్పటికీ దాన్ని మేసన్ జార్ అనే అంటారు.

ఇంతవరకూ చదివి ఆగాను. అంతా మగవాళ్ళ పేర్లే! మరి ఆ సీసాలు నింపినవాళ్ళెవరు? పుస్తకాలు ఇంకా తిరగేస్తే ఒకావిడ దొరికింది. అమాండా జోన్స్. ఆవిడ కవయిత్రి. చెప్పొద్దూ, నాకు ఒక్కసారి చుట్టం కనిపించినట్టయింది. పళ్ళని ఎక్కువ ఉడకబెట్టకుండా గాలి తీసేసి నిలవబెట్టే పద్ధతికి 1873లో పేటెంట్లు సంపాదించింది. 1890లో షికాగోలో ఆడవాళ్ళతోనే నడిచే కంపెనీ పెట్టింది. మూడేళ్ళకే ఆవిడ అందులోంచి బయటికి రావలసి వచ్చింది. అది వేరే నవల.

ఆ తర్వాత ఒక పల్లెటూరి పంతులమ్మ. దక్షిణ కరొలైనా రాష్ట్రంలోని ఐకెన్ జిల్లాలో మేరీ క్రోమర్. మగపిల్లలకి మొక్కజొన్న క్లబ్బులున్నాయి, ఆడపిల్లలకేం లేవేం అనుకుంది. 1910లో టమాటా క్లబ్బు పెట్టింది. ఒక్కో పిల్లకి ఎకరంలో పదోవంతు, అంటే మన లెక్కలో పది సెంట్ల నేల. ఆ పిల్లే దున్నించుకోవాలి, నాటుకోవాలి, పండించుకోవాలి, డబ్బాల్లో పెట్టి అమ్ముకోవాలి. లాభం ఆ పిల్లదే. మొదటి ఏడు కేటీ గంటర్ అనే అమ్మాయి అయిదువందలకు పైగా డబ్బాలు పెట్టి, బహుమతిగా కాలేజీ చదువు సంపాదించుకుంది. టమాటాలు పెట్టి చదువు కొనుక్కోవడం! తర్వాత ఈ క్లబ్బులు దక్షిణాది రాష్ట్రాలన్నింటా పాకాయి.

ఇక్కడే మా చెల్లెలి భయానికి జవాబు కూడా దొరికింది. ఆ క్లబ్బులు టమాటాతోనే మొదలవడం పిల్లలకి మంచిదే అయింది. టమాటాలో పులుపుంది. మట్టిలో ఉండే ఒకరకం క్రిమి, దాని పేరు బొటులినం, గింజలాంటి రూపంలో దాక్కుంటుంది. మరిగే నీళ్ళు దాన్ని చంపలేవు. గాలి తగలని సీసాలో, పులుపు లేని కూరలో అది నిద్రలేచి విషం కక్కుతుంది. రంగు మారదు, ఒక్కోసారి వాసన కూడా రాదు. చాలినంత పులుపుంటే మాత్రం తల ఎత్తలేదు. మన ఆవకాయ జాడీలో మామిడి పులుపూ, అంతంత ఉప్పూ చేసే కాపలా ఇదే. మరి బీన్స్‌లో పులుపేదీ? దాన్ని ఆవిరి ఒత్తిడితో, మరిగే నీళ్ళకంటే ఎక్కువ వేడిలో, 116 డిగ్రీల దాకా ఉడికించాలి. పులుపులేని కూరలకి ఇదొక్కటే క్షేమమైన దారి అని 1917లో అమెరికా వ్యవసాయ శాఖ చెప్పింది.

అంతకుముందు అమ్మ చెప్పినట్టు, అమ్మమ్మ చేసినట్టు గంటల తరబడి నీళ్ళలో మరిగించి పెట్టిన ఇల్లాళ్ళెందరో! తప్పు చేతిది కాదు. ఎవరూ వాళ్ళకి చెప్పలేదు. చెప్పిన తర్వాత కూడా ప్రమాదాలు ఆగలేదు. 2015 ఏప్రిల్‌లో ఒహాయోలోనే లాంకాస్టర్ అనే ఊళ్ళో సామూహిక భోజనంలో 29 మందికి ఈ విషం సోకింది. ఒకరు చనిపోయారు. కారణం ఇంట్లో సీసాల్లో పెట్టిన బంగాళాదుంపలు. వాటినీ మరిగే నీళ్ళలోనే పెట్టారట, ఒత్తిడి మీద కాదు. మా చెల్లెలు చదివింది ఈ సంగతే.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ విద్య దేశసేవ అయిపోయింది. 1942లో జపాన్ మలయాని ఆక్రమించడంతో తగరానికి కరువొచ్చింది. 1943 మార్చి నుంచి డబ్బా తిండికి రేషను పెట్టారు. పెరళ్ళన్నీ కూరపాదులయ్యాయి. సీసాల్లో పళ్ళు పెట్టుకునేవాళ్ళకి పంచదార అదనంగా ఇచ్చారు. ఆ ఒక్క ఏడాదే అమెరికా ఇళ్ళల్లోనూ, ఊరుమ్మడి వంటశాలల్లోనూ నింపిన సీసాలూ డబ్బాలూ నాలుగు వందల కోట్లకు పైమాటేనని లెక్క. వాటి వెనక ఎన్ని జతల చేతులో, ఎన్ని కాలిన వేళ్ళో ఎవరూ లెక్కెయ్యలేదు.

ఇక మా చెల్లెలి ఫ్రీజరు కథ. క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే ఆయన 1912లో కెనడాలోని లాబ్రడార్ ప్రాంతానికి వెళ్ళాడు. అక్కడి ఇన్యూట్ జనం పట్టిన చేప ఆ చలిగాలిలో క్షణాల్లో బిగుసుకుపోవడం, నెలల తర్వాత కరిగించినా తాజా రుచే ఉండడం చూశాడు. మెల్లగా గడ్డకడితే పెద్ద మంచు పలుకులు కండని చీల్చేస్తాయి. త్వరగా గడ్డకడితే పలుకులు చిన్నవి, కండ చెడదు. దీని మీద వ్యాపారం కట్టి 1929లో 2 కోట్ల 20 లక్షల డాలర్లకు అమ్మేశాడు. ఆ కిటుకు చూపించిన ఇన్యూట్ వాళ్ళ పేర్లు ఏ పేటెంటులోనూ లేవు.

చలి క్రిముల్ని చంపదు, నిద్రపుచ్చుతుందంతే. ఆ చలిని దేశమంతా నమ్మకంగా నడిపించడానికి పాటుపడినవాళ్ళలో మేరీ పెనింగ్టన్ ఒకావిడ. చదువంతా పూర్తిచేసినా ఆడదని యూనివర్సిటీ 1892లో ఆవిడకు డిగ్రీ బదులు ఒక సర్టిఫికెట్ చేతిలో పెట్టింది. మూడేళ్ళకి అక్కడే డాక్టరేటు తెచ్చుకుంది. ప్రభుత్వోద్యోగానికి పరీక్ష రాసినప్పుడు ఆడో మగో తెలియకుండా ఉత్త పొడి అక్షరాలతో ఎం.ఇ.పెనింగ్టన్ అని రాసింది. పాలూ, గుడ్లూ, కోళ్ళూ రైళ్ళలో చెడకుండా ప్రయాణం చెయ్యడానికి ఆవిడ పెట్టిన ప్రమాణాలే ఆధారమయ్యాయి.

సాయంత్రం ఇంటికొచ్చి నేనే వెళ్ళి పక్కింటి తలుపు తట్టాను. "మీరు బీన్స్ ఎలా పెడతారో నేర్చుకోవాలని ఉంది" అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. నేలమాళిగలోకి తీసుకెళ్ళింది. గోడపొడుగునా సీసాలు. మూల స్టాండు మీద గంగాళమంత ప్రెషర్ పాత్ర, దానికి గడియారంలాంటి ముల్లు. ఆ ముల్లు సరిగా తిరుగుతోందో లేదో ప్రతి ఏడూ వ్యవసాయ విస్తరణ ఆఫీసుకి తీసుకెళ్ళి చూపించుకుంటుందట. చిన్న సీసాకి పదకొండు పౌన్ల ఒత్తిడి మీద ఇరవై నిమిషాలు. ఒక పాత నోటుబుక్కులో ప్రతి సంవత్సరం తారీఖులూ, ఒత్తిడీ, నిమిషాలూ రాసి ఉన్నాయి. మొదటి పేజీలు వాళ్ళమ్మ దస్తూరీ. 1943 నుంచీ.

నేను సిగ్గుపడుతూ అసలు సంగతి చెప్పేశాను. ఆవిడ నొచ్చుకోలేదు. "అడగడం తప్పేముంది? మా అమ్మ ఎవరింటి సీసా వచ్చినా ముందు అడిగేది, తర్వాతే థాంక్స్ చెప్పేది. మా అమ్మాయిలెవరూ ఇప్పుడు అడగరు, షాపులో కొనుక్కుంటారు" అంది. ఆ చివరి మాట దగ్గర కాస్త గొంతు తగ్గింది.

ఆ రాత్రి మా చెల్లెలు ఆ బీన్స్‌కి ఆవపోపు పెట్టి, కొబ్బరి కోరు వేసింది. అందరం తిన్నాం. ఖాళీ సీసా కడిగి, మర్నాడు గోంగూర విత్తనాలతో తిరిగిచ్చి వచ్చింది.

ఇంటికి తిరిగొచ్చాక నేను చేసిన మొదటి పని ఒక నోటుబుక్కు కొనడం. అప్పేర్‌ను రాయమని ఒక ప్రభుత్వం అడిగింది. మా అమ్మని ఇన్నేళ్ళుగా ఎవరడిగారు? "ఆవకాయకి ఉప్పెంత వేస్తావమ్మా?" అంటే "చేతికి తెలుస్తుందే" అంది. "చెయ్యి కాదు, కొలత చెప్పు" అని కూర్చున్నాను. గ్లాసుతో కొలిచి చూపించింది. కాయలు తుడవడం దగ్గర్నుంచి జాడీకి వాసెన కట్టడం దాకా రాస్తే నాలుగు పేజీలొచ్చింది.

చివర్లో తారీఖు వేసి, కింద అమ్మ పేరు రాశాను. "నా పేరెందుకే?" అంది. అంటూనే కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదువుకుంది.