పాటతో కలిసి బాస్ గిటార్ ప్రాక్టీస్: తక్కువ ఖర్చులో ఏది ముందు కొనాలి, ఏది అక్కర్లేదు

బాస్ గిటార్ కొన్నవాళ్లకు మొదటి వారంలోనే ఒక సంగతి తెలిసిపోతుంది. మామూలు గిటార్ అయితే గదిలో కూర్చుని నాలుగు కార్డ్స్ వాయించినా పాటలాగే ఉంటుంది. బాస్ ఒక్కటే వాయిస్తే అలా ఉండదు. పాట కింద నిలబడి దాన్ని మోయడమే దాని పని. అందుకే బాస్ నేర్చుకోవడం అంటే చాలావరకు రికార్డు అయిన పాట పెట్టుకుని దాంతో కలిసి వాయించడమే.

దీనికి ఏం కావాలని షాపులో అడిగితే ముందు పెద్ద యాంప్లిఫయర్ చూపిస్తారు. అద్దె గదిలో ఉండే స్టూడెంట్‌కి, అపార్ట్‌మెంట్‌లో ఉండే ఉద్యోగికి అది వాడే అవకాశమే తక్కువ. కింది పోర్షన్ వాళ్లు రెండో రోజే తలుపు కొడతారు. ఇంట్లో ప్రాక్టీసుకు కావలసినవి మూడే. పాటలో ఉన్న బాస్ మనకు వినపడాలి. మన బాస్ కూడా అదే చెవిలో పడాలి. కష్టమైన చోట పాట నెమ్మదించాలి. డబ్బు పెట్టాల్సిన వరుస కూడా ఇదే. మూడోది దాదాపు ఫ్రీగానే అయిపోతుంది.

ఫోన్ స్పీకర్‌లో బాస్ ఉండదు

నాలుగు తీగల బాస్‌లో అన్నిటికంటే లావు తీగ ఇ. దాన్ని ఊరికే మీటితే వచ్చే స్వరం సుమారు 41 హెర్ట్జ్. తర్వాతి ఎ తీగ 55, డి 73, జి 98. ఫోన్‌లో ఉండే చిన్న స్పీకర్ 200, 300 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలకదు. మరి ఫోన్‌లో పాట వింటే బాస్ ఉన్నట్టే అనిపిస్తుంది కదా అంటారా? ప్రతి స్వరంతో పాటు దానికి రెట్టింపు, మూడు రెట్ల పై స్వరాలు సన్నగా పలుకుతాయి. ఫోన్ వాటిని వినిపిస్తుంది, కింది స్వరాన్ని మన మెదడు ఊహించుకుంటుంది. పాట వినడానికి ఆ ఊహ చాలు. ఏ తీగ, ఏ ఫ్రెట్ అని పట్టుకోవడానికి చాలదు. చాలామంది "నాకు చెవి లేదు భాయ్, బాస్ లైన్ పట్టుకోలేకపోతున్నా" అని వదిలేస్తారు. చాలాసార్లు లోపం చెవిది కాదు, ఫోన్ స్పీకర్‌ది.

అందుకే మొదటి ఖర్చు చెవి మొత్తం కప్పే వైరు హెడ్‌ఫోన్స్. ఫోన్‌తో వచ్చే చిన్న ఇయర్‌ఫోన్స్ కూడా చెవిలో గట్టిగా కూర్చుంటే పనికొస్తాయి. వదులుగా ఉంటే బాస్ మొత్తం బయటికి జారిపోతుంది. కొనేముందు షాపులోనే బాస్ బాగా తెలిసే ఒక పాట పెట్టి చూడండి. ఇళయరాజా పాటలు దీనికి మంచి కొలత. వాటిలో బాస్ చాలాచోట్ల మిగతా వాయిద్యాల కింద దాక్కోకుండా తన సొంత బాణీలో నడుస్తుంది. ఒక్కో స్వరం విడిగా తెలిస్తే ఆ హెడ్‌ఫోన్స్ తీసుకోవచ్చు. "ధన్ ధన్" అని మోత మాత్రమే వస్తుంటే దాని మీద 'ఎక్స్‌ట్రా బాస్' అని ఎంత పెద్దగా రాసి ఉన్నా వద్దు.

బ్లూటూత్ గురించి ఒక మాట. బ్లూటూత్ అసలు పనికిరాదని చాలామంది చెబుతారు. అది సగమే నిజం. మామూలు బ్లూటూత్‌లో శబ్దం సుమారు 150 నుంచి 250 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. నిమిషానికి 120 బీట్ల పాటలో అర బీట్ అంటే 250 మిల్లీసెకన్లు. మన బాస్ శబ్దమే బ్లూటూత్ మీద తిరిగి చెవికి చేరితే, మనం మీటిన దాదాపు అర బీట్ తర్వాత వినపడుతుంది. అలా వాయించడం కుదరని పని. కానీ పాట మాత్రమే బ్లూటూత్ మీద వచ్చి, బాస్ నేరుగా వినపడితే ఇబ్బంది లేదు. పాట ఎప్పుడు చెవిలో పడితే అప్పటి నుంచే మనం కలుపుకుంటాం కదా. కాబట్టి ఇంట్లో ఉన్న బ్లూటూత్ స్పీకర్‌ను పారేయక్కర్లేదు, పాటకు వాడుకోండి.

పాట, బాస్ ఒకే చెవిలో

ఏమీ కొనకుండానే మొదలుపెట్టే దారి ఒకటి ఉంది. ఎలక్ట్రిక్ బాస్‌ను దేనికీ కలపకుండా వాయిస్తే శబ్దం చాలా సన్నగా వస్తుంది. దాని హెడ్, అంటే తీగలు బిగించే మరలు ఉన్న చివర, చెక్క బీరువాకో తలుపుకో ఆనించి వాయించండి. చెక్క మొత్తం కంపించి శబ్దం పెద్దదవుతుంది. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాట విని, రెండో చెవితో బాస్ వింటే చాలు. రాత్రి పదకొండు తర్వాత కూడా ఎవరికీ ఇబ్బంది ఉండదు. బాస్‌కి గీత పడకుండా మధ్యలో ఒక గుడ్డ ముక్క పెట్టుకోండి.

కొనే స్థోమత ఉంటే నా ఓటు హెడ్‌ఫోన్ యాంప్‌కే. ఇది అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దగా ఉండి నేరుగా బాస్ సాకెట్‌లోనే గుచ్చుకుంటుంది. వాక్స్ కంపెనీ ఆమ్‌ప్లగ్ ఈ రకంలో పేరున్నది, రెండు ఏఏఏ బ్యాటరీలతో నడుస్తుంది. ఇందులో చూడాల్సింది 'ఆక్స్ ఇన్' అనే చిన్న రంధ్రం. ఫోన్ నుంచి రెండు వైపులా పిన్ను ఉన్న వైరు ఒకటి అందులో పెడితే పాట, బాస్ కలిసి హెడ్‌ఫోన్స్‌లోకి వస్తాయి. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే ఈ వైరు వంద, రెండు వందల్లో దొరుకుతుంది. ఫోన్‌కు గుండ్రటి హెడ్‌ఫోన్ సాకెట్ లేకపోతే టైప్-సి కన్వర్టర్ కూడా కావాలి. న్యూక్స్ మైటీ ప్లగ్ లాంటి వాటిలో ఛార్జింగ్ బ్యాటరీ ఉంటుంది, పాట బ్లూటూత్ మీద వస్తుంది, బాస్ నేరుగా వెళ్తుంది. పైన చెప్పిన లెక్క ప్రకారం ఇది సరిగ్గా పనిచేసే పద్ధతే.

ఒక జాగ్రత్త. ఆమ్‌ప్లగ్‌లో గిటార్‌కి వేరే మోడల్స్, బాస్‌కి వేరే మోడల్ ఉన్నాయి. ఆన్‌లైన్‌లో ఫొటోలు ఒకేలా కనపడతాయి. పెట్టె మీద 'బాస్' అని ఉందో లేదో చూసి తీసుకోండి.

చిన్న ప్రాక్టీస్ యాంప్ కొనాలనుకుంటే వాట్ల సంఖ్య కంటే ముందు రంధ్రాలు లెక్కపెట్టండి. పాటకు ఆక్స్ ఇన్, రాత్రికి హెడ్‌ఫోన్ అవుట్, ఈ రెండూ ఉండాలి. ఒకటి లేకపోయినా తర్వాత మళ్లీ ఇంకో పరికరం కొనాల్సి వస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేవాళ్లు ఈ రెండు రంధ్రాల్లో పిన్ను పెట్టి, అటూ ఇటూ కదిపి చూడాలి. గరగర వస్తే ధర తగ్గించమనండి, లేదా వదిలేయండి.

ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లకు ఆడియో ఇంటర్‌ఫేస్ మంచిది. బెహ్రింగర్ యూఎం2 లాంటి చిన్న పెట్టెలో బాస్ పెట్టే సాకెట్, హెడ్‌ఫోన్ సాకెట్, 'డైరెక్ట్ మానిటర్' బటన్ ఉంటాయి. ఆ బటన్ నొక్కితే బాస్ కంప్యూటర్ చుట్టూ తిరగకుండా నేరుగా చెవికి వస్తుంది, ఆలస్యం ఉండదు. ఖర్చు కొన్ని వేలు అవుతుంది, కానీ వాయించింది రికార్డు చేసుకుని మర్నాడు వినొచ్చు. బీకాం చదివిన బుద్ధితో లెక్కేస్తే పెట్టిన రూపాయికి ఎక్కువ పని చేసేది ఇదే. ల్యాప్‌టాప్ మైక్ రంధ్రంలో నేరుగా బాస్ పెట్టడం మాత్రం వద్దు. అది మైక్ కోసం చేసింది. శబ్దం పగిలిపోతుంది లేదా పేలవంగా వస్తుంది.

ఇంట్లో హోమ్ థియేటర్ ఉంది కదా, దానికి పెట్టేస్తే? తక్కువ వాల్యూమ్‌లో ఫర్వాలేదు. రికార్డు అయిన పాటలో హెచ్చుతగ్గులను ముందే సర్దేసి ఉంటారు. మన బాస్‌లో ఆ సర్దుబాటు ఉండదు, ఒక్క గట్టి దెబ్బకు స్పీకర్ కోన్ చిరగొచ్చు. స్పీకర్ మార్పించే ఖర్చుకు ఆమ్‌ప్లగ్ వచ్చేస్తుంది.

బాస్‌ను తీసేయడం, పైకి లేపడం

పాటతో కలిసి వాయించే వ్యాపారం కొత్తదేమీ కాదు. అమెరికాలో మ్యూజిక్ మైనస్ వన్ అనే కంపెనీ 1950లోనే ఒక వాయిద్యం తీసేసిన రికార్డులు అమ్మింది. 1967 నుంచి జేమీ ఎబర్సోల్డ్ అనే జాజ్ మాస్టారు తెచ్చిన రికార్డుల్లో బాస్‌ను ఒక వైపు స్పీకర్‌కే పంపారు. బ్యాలెన్స్ నాబ్ ఇంకో వైపు తిప్పితే బాస్ పోతుంది, ఆ స్థానంలో మీరు వాయించుకోవచ్చు. మన సినిమా పాటల్లో ఈ కిటుకు పనిచేయదు. పాత పాటలు చాలావరకు మోనో. స్టీరియో పాటల్లో బాస్ మామూలుగా మధ్యలో ఉంటుంది.

ఇప్పుడు ఆ పని సాఫ్ట్‌వేర్ చేస్తోంది. డీజర్ కంపెనీ 2019లో స్ప్లీటర్ అనే ప్రోగ్రామ్‌ను అందరికీ ఫ్రీగా ఇచ్చింది. అది పాటను గొంతు, డ్రమ్స్, బాస్, మిగతావి అని విడగొడుతుంది. ఫేస్‌బుక్ పరిశోధకులు డెమక్స్ అనే ఇలాంటిదే తెచ్చారు. కంప్యూటర్‌లో వాడుకోవడానికి అల్టిమేట్ వోకల్ రిమూవర్ ఫ్రీగా దొరుకుతుంది. ఫోన్‌లో అయితే మోయిసెస్ యాప్ ఉంది. ఫ్రీగా వాడితే దానికి పరిమితులున్నాయి, డబ్బు కట్టేముందు ఆ ఫ్రీ వాటా పూర్తిగా వాడి చూడండి. మన పాటల్లో ఒక చిక్కు ఉంది. తబలా డగ్గా, ఢోలక్ ఎడమ వైపు మోత కూడా లోతుగానే ఉంటాయి కాబట్టి కొన్నిసార్లు బాస్ ట్రాక్‌లోకి వచ్చేస్తాయి. విడగొట్టిన బాస్‌ను అచ్చంగా నమ్మకుండా అసలు పాటతో ఒకసారి పోల్చుకోవాలి.

పాటను నెమ్మదించడానికి యూట్యూబ్‌లోనే స్పీడ్ సెట్టింగ్ ఉంది. 0.75 దాకా బాగుంటుంది, 0.5 కిందికి వెళ్తే బాస్ స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అంతకంటే బాగా పనిచేసేది ఆడాసిటీ. ఇది 2000 సంవత్సరం నుంచి ఉన్న ఫ్రీ సాఫ్ట్‌వేర్. ఇందులో 'చేంజ్ టెంపో' వాడితే శ్రుతి మారకుండా వేగం తగ్గుతుంది. 'చేంజ్ స్పీడ్' వాడితే పాత టేపు లాగా శ్రుతి కూడా దిగిపోతుంది, దాని జోలికి పోవద్దు.

బాస్ వాళ్లకు ఆడాసిటీలో అసలైన ఉపకారం ఇంకోటి ఉంది. 'చేంజ్ పిచ్'లో 12 సెమీటోన్లు పెంచండి. పాట మొత్తం ఒక స్థాయి పైకి లేస్తుంది. గొంతు చిన్నపిల్లల గొంతులా నవ్వొచ్చేలా ఉంటుంది కానీ, 41 హెర్ట్జ్ దగ్గర బురదలా ఉన్న స్వరం 82 దగ్గరికి వచ్చి స్పష్టంగా తెలుస్తుంది. ఏ యాప్‌కీ అందని బాస్ లైన్ దీంతో చెవికి అందుతుంది. టేపు రికార్డర్ల కాలంలో కూడా టేపును రెట్టింపు వేగంతో తిప్పితే ఇదే ఫలితం వచ్చేది. ఇప్పుడు వేగం పెరగకుండా ఆ లాభం దక్కుతోంది.

శ్రుతి కలవకపోతే ముందు బాస్‌ను ట్యూనర్ యాప్‌తో చూసుకోండి. ఫోన్ మైక్ ఇ తీగను సరిగ్గా పట్టుకోదు. 12వ ఫ్రెట్ మీద తీగను వేలితో తాకీ తాకనట్టు తాకి మీటితే వచ్చే సన్నటి స్వరాన్ని యాప్ వెంటనే గుర్తిస్తుంది. అదీ సరిపోయి పాటతో మాత్రం కలవలేదంటే పాటదే తేడా. టేపు మీద రికార్డు అయిన పాత పాటల్లో శ్రుతి కొంచెం అటూ ఇటూ ఉండటం సహజం. ఒక్కో పాటకు తీగలు తిప్పుకుంటూ కూర్చోకుండా ఆడాసిటీలో పాట శ్రుతినే మార్చి సేవ్ చేసుకోండి.

వాల్యూమ్ విషయం తేలిగ్గా తీసుకోవద్దు. లోతు స్వరాలకు మన చెవి స్పందన తక్కువ. బాస్ సరిగ్గా వినపడట్లేదని వాల్యూమ్ పెంచితే దాంతో పాటు గొంతు, తాళాలు కూడా పెరిగి చెవిని కొడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే హద్దు 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు. శబ్దం పెరిగేకొద్దీ ఆ గంటలు వేగంగా తగ్గిపోతాయి. బాస్ తక్కువ అనిపిస్తే పాట వాల్యూమ్ తగ్గించండి, హెడ్‌ఫోన్ వాల్యూమ్ పెంచకండి. ప్రాక్టీస్ అయ్యాక చెవిలో గుయ్‌మని మోత ఉంటే రేపటి నుంచి ఇంకా తగ్గించాలి. ఆ మోత రెండు మూడు రోజులైనా పోకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి.