మర్దనకు నరాలు చెప్పిన సాక్ష్యం

దెబ్బ తగిలిన చోట చేత్తో రుద్దుకోవడం మనిషికి ఎవరూ నేర్పాల్సిన పని లేదు. అలా రుద్దితే నొప్పి ఎందుకు తగ్గుతుందన్న ప్రశ్నకు మాత్రం 20వ శతాబ్దం సగం గడిచేదాకా నమ్మదగిన జవాబు దొరకలేదు.

యూరప్‌లో మర్దన వైద్యవృత్తిగా నిలదొక్కుకున్నది 19వ శతాబ్దంలో. పెర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోమ్‌లో వ్యాయామ విద్యాసంస్థను స్థాపించి, శరీర కదలికలతో చికిత్స చేసే పద్ధతిని బోధించాడు. ‘స్వీడిష్ మసాజ్’ అనగానే ఆయన పేరే చెబుతారు. కానీ నిమరడం, పిసకడం, తట్టడం అంటూ నేటి మసాజ్‌లో కనిపించే విభజనకు అసలు కర్త ఆమ్‌స్టర్‌డామ్ వైద్యుడు యోహాన్ మెట్స్‌గర్. 1868 నాటి ఆయన సిద్ధాంతవ్యాసం చీలమండ బెణుకును మర్దనతో నయం చేయడం గురించే. బ్రిటన్‌లో 1894లో శిక్షణ పొందిన మర్దన నిపుణురాళ్లు ఒక సంఘంగా ఏర్పడ్డారు. నేటి ఫిజియోథెరపిస్టుల సంఘానికి మూలం అదే.

వీళ్ల చేతి పని గొప్పది, ఇచ్చిన వివరణ మాత్రం బలహీనం. రక్తప్రసరణ పెరుగుతుందని, కండరాల్లో పేరుకున్న వ్యర్థాలు కొట్టుకుపోతాయని చెప్పేవారు. ఆ మాట నేటికీ వినిపిస్తూనే ఉంది. నిజానికి వ్యాయామంలో చేరే లాక్టిక్ ఆమ్లం మర్దన ఉన్నా లేకున్నా గంటా రెండు గంటల్లో తనంతట తానే తగ్గిపోతుంది. కండరాన్ని చూసినంత శ్రద్ధగా నరాన్ని ఎవరూ చూడలేదు. అందుకు కారణం ఉంది. నొప్పి గురించి అప్పటికి చలామణిలో ఉన్న ఊహ ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్‌ది. ఆయన మరణానంతరం 1664లో ఫ్రెంచిలో అచ్చయిన గ్రంథంలో, నిప్పు తగిలిన పాదం నుంచి మెదడు దాకా ఒక తాడు లాగినట్టు, అవతలి కొసన గంట మోగినట్టు నొప్పిని వర్ణించాడు. ఆ దారిలో గాయం ఎంతో నొప్పీ అంతే. మధ్యలో చెయ్యి వేసి దాన్ని తగ్గించే వీలు ఆ చిత్రంలో లేనేలేదు.

నరంలో దారి ఒక్కటే కాదని తేల్చింది అమెరికన్ శాస్త్రవేత్తలు జోసెఫ్ ఎర్లాంగర్, హెర్బర్ట్ గాసర్. ఒకే నరంలో లావు, సన్నం తంతువులు కలిసి ఉంటాయని, లావు తంతువుల్లో సంకేతం వేగంగా పోతుందని చూపించినందుకు వారికి 1944లో నోబెల్ వచ్చింది. స్పర్శను, ఒత్తిడిని మోసే లావు తంతువుల్లో సంకేతం సెకనుకు 35 మీటర్లకు మించి పరుగెడుతుంది. సలుపు నొప్పిని మోసే సన్నని సి-తంతువుల్లో వేగం దాదాపు ఒక్క మీటరే.

అసలు మలుపు 1965లో వచ్చింది. కెనడా మనస్తత్వవేత్త రోనాల్డ్ మెల్జాక్, ఆంగ్ల నాడీశాస్త్రజ్ఞుడు పాట్రిక్ వాల్ కలిసి ‘సైన్స్’ పత్రికలో గేట్ కంట్రోల్ సిద్ధాంతాన్ని ప్రకటించారు. వెన్నుపాము వెనుకభాగంలో, నొప్పి సంకేతాన్ని పైకి పంపే కణాల దగ్గరే ఒక ద్వారం ఉందని వారి ప్రతిపాదన. స్పర్శ తంతువులు చురుగ్గా ఉంటే అక్కడి చిన్న నిరోధక కణాలు మేల్కొని, నొప్పి సంకేతాన్ని అణచిపెడతాయి. సన్నని తంతువుల ఉధృతి పెరిగితే ద్వారం తెరుచుకుంటుంది. మెదడు కూడా పైనుంచి ఆజ్ఞ పంపి దాన్ని మూయగలదు. రుద్దుకోవడానికి శాస్త్రంలో చోటు దొరికింది ఇక్కడే. రెండేళ్లకే, 1967లో, వాల్, విలియం స్వీట్ లావు తంతువులను విద్యుత్తుతో ప్రేరేపిస్తే మనుషుల్లో నొప్పి తాత్కాలికంగా పోతుందని చూపారు. ఫిజియోథెరపీ కేంద్రాల్లో చర్మానికి అంటించే టెన్స్ పరికరానికి పునాది ఈ ఆలోచనే. సిద్ధాంతంలో గీసిన నాడీవలయపు వివరాలు కొన్ని ప్రయోగాలకు నిలవలేదు. 1978లో వాల్ స్వయంగా దాన్ని పునఃపరిశీలించి సవరించాడు. మూలసూత్రం చెక్కుచెదరలేదు.

మెదడు నుంచి దిగే ఆజ్ఞల సంగతి త్వరగానే రుజువైంది. 1969లో డేవిడ్ రేనాల్డ్స్ ఎలుకల మధ్యమెదడులో ఒక చోటును విద్యుత్తుతో ప్రేరేపించి, మత్తుమందు లేకుండానే శస్త్రచికిత్స చేయగలిగాడు. 1975లో అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ పంది మెదడు నుంచి ఎన్‌కెఫాలిన్లను వేరు చేశారు. శరీరమే నల్లమందు లాంటి పదార్థాన్ని తయారుచేసుకుంటుందని అప్పుడు తెలిసింది.

మృదువుగా నిమిరినా హాయి ఎందుకో గేట్ సిద్ధాంతం ఒక్కటే చెప్పలేదు. సన్నని తంతువుల్లో కొన్ని మెత్తని స్పర్శకు స్పందిస్తాయని స్వీడన్‌లో ఇంగ్వే జొటర్‌మన్ 1939లోనే పిల్లుల్లో గమనించాడు. మనుషుల్లో అవి దొరకడానికి అర్ధ శతాబ్దం పట్టింది. లావు స్పర్శ తంతువులు పూర్తిగా దెబ్బతిన్న ఒక రోగి కూడా చేతిమీద మెత్తని నిమురుటను లీలగా, హాయిగా గుర్తించిందని 2002లో హోకన్ ఓలాసన్ బృందం ప్రచురించింది. ఆ సంకేతం చేరింది మెదడులో స్పర్శను గుర్తించే ప్రాంతానికి కాదు, భావోద్వేగాలతో సంబంధమున్న ఇన్సులాకు. ఈ తంతువులు ఎక్కువగా స్పందించేది సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నిమిరినప్పుడని 2009లో తేలింది. తల్లిదండ్రులు పసిబిడ్డను నిమిరే వేగమూ ఇదే పరిధిలో ఉంటుంది.

మర్దన పని కండరంలోనా, నరంలోనా అన్నదానికి రోగుల నుంచీ ఒక సూచన ఉంది. 2011లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధనలో దీర్ఘకాలిక నడుం నొప్పి ఉన్న 401 మంది పాల్గొన్నారు. కొందరికి కండరాల లోపాన్ని వెతికి సరిచేసే మర్దన, కొందరికి కేవలం సేదతీర్చే మర్దన చేశారు. మిగిలినవారికి మామూలు వైద్యమే సాగింది. పది వారాలకు మర్దన పొందిన రెండు వర్గాలూ మామూలు వైద్యం పొందినవారి కంటే మెరుగయ్యాయి. రెంటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. కండరంలో దోషాన్ని సరిచేయడమే మర్దన పని అయితే ఈ ఫలితం వచ్చేది కాదు. ఏడాది తిరిగేసరికి మాత్రం ఆ లాభంలో కొద్దిభాగమే మిగిలింది.