మిద్దె దోనె, చెరువు మరవ

వాన తక్కువగా కురియు సీమలో నీటిదోనెలకు పెద్ద కొలత యెందులకని అడుగువారు పామిడిలోనే గాక అనంతపురము జిల్లా అంతటను కలరు. ప్రశ్న సహజమైనదే. ఈ జిల్లాకు ఏడాది మొత్తమున దక్కు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పెన్న యొడ్డుననే యున్నను, పామిడివారికి ఏటిలో నీటికంటె ఇసుక కనబడు దినములే యెక్కువ. అయినను మన పూర్వుల కట్టడములను పరికించినచో, వారు ఏడాది లెక్కను గాక గడియ లెక్కను పాటించిరని తెలియును.

ఈ సీమలోని పాత మట్టిమిద్దెలను చూడుడు. దూలములపై దంతెలు, వానిపై కట్టెలు పరచి, పైన చవుడుమన్ను పోసి చదును చేసెడివారు. తడిసినంతనే చవుడు రేణువులు విడివడి సందులను పూడ్చును. అందుచే నీరు త్వరగా క్రిందికి దిగదు. కాని నిలిచిన నీటిని చవుడు సైతము ఎంతోసేపు ఆపజాలదు. నానిన మట్టి బరువంతయు దూలములపై పడును. కావుననే మిద్దెను ఒక వైపునకు వాలుగా నుంచి, ఆ వాలు చివర నీటిదోనె నమర్చి, గోడకు దూరముగా చాచెడివారు. దోనె పొట్టిదైనచో మట్టిగోడ అడుగు కరగును. ఇరుకైనచో మిద్దె నానును. రాత్రి వానకు ఇల్లు కూలి, నిద్రించుచున్నవారు మట్టిపాలైన వార్తలు నేటికిని వినుచునే యున్నాము.

చెరువునకును ఇదే ధర్మము. మిద్దెకు దోనె యెట్టిదో చెరువునకు మరవ అట్టిది. మరవ చాలనినాడు కట్ట తెగును. అనంతపురము చెరువును బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 1364లో కట్టించెనని ప్రసిద్ధి. ఆ చెరువు చెంతనున్న బుక్కరాయసముద్రమున, తెగబోవు కట్టను నిలుపుటకై ముసలమ్మ యను కోడలు ప్రాణమర్పించెనని గాథ. కట్టమంచి రామలింగారెడ్డిగారి ‘ముసలమ్మ మరణము’నకు ఆధారమిదియే. కరవుసీమవారు నీటి లేమికి ఎంత భయపడిరో, ఒక్కుమ్మడిగా వచ్చు నీటికిని అంత భయపడిరని ఈ గాథ చాటుచున్నది. 2022 అక్టోబరులో అనంతపురమున నడిమివంక పొంగి కాలనీలను ముంచినపుడు ఆ భయము పాతబడలేదని తేలినది.

ఈ అనుభవమునకు 19వ శతాబ్దిలో గణితరూపము లభించినది. నీటిదారి వెడల్పును నిర్ణయించునది మొత్తము వాన గాక వాన వేగమనియు, దూరపు చినుకు దారి చేరుటకు పట్టు కాలమును గణింపవలెననియు ఐర్లండు ఇంజనీరు థామస్ మల్వానీ 1851 ప్రాంతమున ప్రతిపాదించెను. 1889లో ఎమిల్ కుయిష్లింగ్ అమెరికాలో నగరపు కాలువలకు ఆ సూత్రమును అన్వయించెను.

దానినే మన ఇంటికి అన్వయింతము. 100 చదరపు మీటర్ల మిద్దెపై ఒక్క మిల్లీమీటరు వాన పడినచో 100 లీటర్ల నీరు చేరును. గంటకు 100 మిల్లీమీటర్ల వేగమున పావుగంట కురిసినచో 2,500 లీటర్లు! జాతీయ భవన నిర్మాణ స్మృతి పట్టిక ప్రకారము, అట్టి వానకు 100 మిల్లీమీటర్ల వ్యాసము గల గొట్టము ఒక్కటి సుమారు 42 చదరపు మీటర్ల మిద్దెకే చాలును. అనగా మన మిద్దెకు మూడు గొట్టములు వలయును. గొట్టము సగమైన పని సగమగునని యెంచరాదు. 50 మిల్లీమీటర్ల గొట్టము ఏడు చదరపు మీటర్లకైనను చాలదు. ఖర్చు తగ్గునని సన్నని గొట్టము వేయించువారు ఈ లెక్కను గమనింపవలెను.

ఇట్లు దింపిన నీరు వీథిపాలు కారాదు. పామిడికి ఉత్తరమున గుత్తి దుర్గమున్నది. 1776లో హైదరాలీ ముట్టడించినపుడు మురారిరావును లొంగదీసినది ఫిరంగులకంటె అడుగంటిన కోటనీరే. వాననీటిని ఇంటనే నిలుపుకొనుటను 2002 నాటి నీరు, భూమి, వృక్షముల చట్టము సైతము ప్రోత్సహించినది. కావున గొట్టము క్రింది కొనను ఇంకుడుగుంతకో తొట్టికో చేర్పవలెను. తొలకరికి ముందే ఒకసారి మిద్దెయెక్కి, పొడవు వెడల్పులు కొలిచి, దోనెమూతికి అడ్డుపడిన ఆకులను తీసివేయుడు. గృహస్థునకు అరపూట పని. ఇంటిల్లిపాదికిని నిశ్చింతగా నిద్ర.