బూర్గుల వారి ఒక్క శాసనసభ

నిజాం రాజ్యమున న్యాయస్థానముల భాష ఉర్దూ. 1921లో హైదరాబాదున సంఘసంస్కార సభయందు ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడ నిలువగా సభికులు గేలిచేసిరి. ఆ యవమానమునుండి పుట్టిన ఆంధ్రజనసంఘమున బూర్గుల రామకృష్ణారావుగారును చేరిరి. న్యాయవాదియై ఖ్యాతి గడించియు ఆ పని విడువక, 1931లో దేవరకొండ ఆంధ్రమహాసభకు అధ్యక్షులైరి. 1935లో ఆ మహాసభ సిరిసిల్లలోను జరిగెను.

1952లో వారు షాద్‌నగరునుండి శాసనసభకు ఎన్నికై హైదరాబాదు ముఖ్యమంత్రులైరి. కౌలుదార్లకు రక్షణ కల్పించిరి. 1956లో తెలుగువారి ఐక్యతకై తాము ఏలు రాష్ట్రమే లేకుండ బోవుటకు సమ్మతించిరి. పదవియు, ఆ సభయు దానితోనే ముగిసెను. 2014లో తెలంగాణము మరల వేరయ్యెను గావున, ఆ నిర్ణయము మేలో కీడో చదువరులే యోజింతురు గాక. శాసనసభ్యుని ఏలిన యేండ్లతో గాక విడిచినదానితో కొలువవలెనని మాత్రము మేము తలతుము.